ఇంజను ఆపని కోటేశ్వరమ్మ

కోటేశ్వరమ్మ బండి మీద కూర్చునే టీ తాగుతుంది. పర్చూరు సెంటర్లో టీకొట్టు ముందు బండి ఆగుతుంది గానీ ఇంజను ఆగదు. ఎడమకాలు నేల మీద, కుడిచెయ్యి ఎక్సలేటరు మీద, ఎడమచేతిలో గ్లాసు. ఆమె వస్తోందని చూడగానే కొట్టతను సగం గ్లాసే పోసి తెచ్చి అందిస్తాడు. నిండా పోస్తే బండి అదురుకి ఒలికి చీర మీద పడుతుంది. రెండు గుక్కల్లో తాగేసి, గ్లాసు అతని చేతిలో పెట్టి, ఇంత పొగ వదిలి వెళ్ళిపోతుంది. దగ్గేవాళ్ళు దగ్గుతూ ఉంటారు, తిట్టేవాళ్ళు తిడుతూ ఉంటారు. ఆ మోతలో ఆమెకివేవీ వినపడవు.

అరవైకి దగ్గరపడిన మనిషి. చీర మీద మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కా, తలకి తువ్వాలు, కాళ్ళకి రబ్బరు చెప్పులు. మిరపకోతలకి వెళ్ళే ఆడవాళ్ళందరి వేషమూ అదే. తేడా అల్లా ఆమె కింద ఉన్న ఆ రెండు సైలెన్సర్ల పాతకాలపు బండి. ఆమె పెళ్ళినాటికే అది ఇద్దరి చేతులు మారి వచ్చింది. మొగుడు రామమూర్తి దాని మీద పొగాకు బేరాలకి తిరిగేవాడు. తుంటి విరిగాక అతను అరుగుకి పరిమితమయ్యాడు, బండి గేదెలపాక చేరింది. కోటేశ్వరమ్మ ఒకరోజు దాన్ని కల్లంలోకి తోసుకెళ్ళి, రెండుసార్లు పడి, మూడోసారి పడకుండా ఊళ్ళోకి తోలుకొచ్చింది. ఊరు ఊరంతా నోరు తెరిచి చూస్తే, "మూసుకోండి, ఈగలు దూరతాయి" అని చెప్పి ముందుకి పోయింది.

ఆమె కోతల ముఠాకి మేస్త్రమ్మ. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ రైతులు చేను పండిందంటే ముందు ఆమెకే ఫోన్ చేస్తారు. ఏ చేను ఇవాళ కొయ్యాలో, ఏది రేపటిదాకా ఆగుతుందో చూసి, ఆడవాళ్ళని పోగుచేసి, ట్రాలీ ఆటో ఎక్కించి, ఆటోకి ముందు తను బండి మీద దారి తీస్తుంది. కాయ పండాక ఆగదు, మబ్బు ఆగదు, రైతు అసలే ఆగడు. ఇన్ని ఆగనివాటి మధ్య బతికి బతికి ఆమెకి కూడా ఆగడమంటే ఏమిటో మరుపుకొచ్చింది. ఇంట్లో అన్నం నిలబడే తింటుంది. పెళ్ళికి వెళితే అక్షింతలు వేసి విస్తరి దగ్గరికి పోకుండానే వచ్చేస్తుంది. రామమూర్తి ఏదైనా చెప్పబోతే సగం మాటకే జవాబు చెప్పేస్తుంది. చాలాసార్లు అది అతను చెప్పబోయిన దానికి జవాబు కూడా కాదు.

ఇంజను ఆపకపోవడానికి మాత్రం ఆమె దగ్గర గట్టి కారణమే ఉంది. ఆ బండికి ఛార్జింగు నిలవదు. అరిగిపోయిన డైనమో పుట్టించే కాస్త కరెంటూ లైటుకే చాలదు, ఇక బ్యాటరీకి ఏం మిగులుతుంది? బ్యాటరీలో సత్తువ లేకపోతే ఎన్ని కిక్కులు కొట్టినా ప్లగ్గులో నిప్పు పుట్టదు. ఒకసారి ఆపితే మళ్ళీ ఎవరో ఒకరు తోస్తేగాని లేవదు. ఒకరిచేత తోయించుకోవడం కోటేశ్వరమ్మకి నామర్దా. అందుకని పొద్దున ఇంటి ముందు పల్లంలోకి దొర్లించి స్టార్టు చేస్తే, సాయంత్రం ఇంటికొచ్చాకే ఆపేది. చేలో గట్టు మీద కూడా బండి దడదడలాడుతూనే ఉండేది. పెట్రోలు దండగ కదా అని ఎవరైనా అంటే, "నీ బాబు పోయించాడా?" అనేది.

హారన్ సంగతి కూడా చెప్పాలి. ఆరు ఓల్టుల పాత హారన్ అది. గొంతు పట్టేసిన బాతు అరిచినట్టుండేది. తెల్లవారుజామున వీధి మొగలో నిలబడి దాన్ని రెండుసార్లు నొక్కితే చాలు, ఆడవాళ్ళు క్యారేజీలు పట్టుకుని బయటికొచ్చేవాళ్ళు. ఫోన్లు లేక కాదు. ఆ వేళకి ఆడవాళ్ళ ఫోన్లు పిల్లల తలగడల కింద ఉంటాయి. మేస్త్రమ్మ బాతు అరిచిందంటే కోత ఉన్నట్టు, అరవకపోతే ఆ రోజు ఇంటిపట్టున ఉన్నట్టు.

అలా ఇన్నేళ్ళు నడిచిన ముఠా ఈ ఏడు విరిగింది. శ్రీకృష్ణ అనే కుర్ర మేస్త్రీ ఒకడు బయల్దేరాడు. కొత్త ఆటో కొన్నాడు, ఇంటింటి ముందూ ఆపి ఎక్కించుకుంటాడు. మొదటి కోతకి అనీసా అతని ఆటో ఎక్కింది. అనీసా అంటే మామూలు మనిషి కాదు. కోటేశ్వరమ్మ పక్క సాలు ఎప్పుడూ ఆమెదే. ఆమె వేళ్ళు కదిలే వేగానికి మిగతావాళ్ళు పోటీపడేవాళ్ళు. ఆమె పాట ఎత్తుకుంటే ఎండ దిగేది తెలిసేది కాదు. అలాంటి మనిషి మాటా మంతీ లేకుండా పోయింది. రెండో కోత నాటికి ఆమె వెనకాల సగంమంది పోయారు.

కోటేశ్వరమ్మకి ముళ్ళ మీద కూర్చున్నట్టయింది. ఎందుకు పోయిందో వెళ్ళి అడగొచ్చు. అడిగితే తన తల వంగిపోతుందని అడగలేదు. దారిలో శ్రీకృష్ణ ఆటో ఎదురైతే మొహం పక్కకి తిప్పుకునేది, తిప్పుకున్నాక ఆటోలో అనీసా ఎటువైపు కూర్చుందో అద్దంలో వెతికేది. మిగిలిన సగంమందీ ఎప్పుడు జారిపోతారో అని రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. ముఠా లేని మేస్త్రమ్మ అంటే ఏమిటి? చొక్కా వేసుకున్న ముసలమ్మ. అది తలచుకుంటే ఆమెకి భయం వేసేది.

అంతలో ఒకరోజు కాలవ వంతెన మీద బండి చచ్చిపోయింది. ఆ రోజు ఆటోని ముందే పంపేసింది, చుట్టూ ఎవరూ లేరు. ఒక్కతే ఆయాసపడుతూ తోసుకుంటూ చేను చేరేసరికి ఎండెక్కింది. అప్పటికే వచ్చి గట్టు మీద కూర్చున్న ఆడవాళ్ళ మొహాలు చూసింది. ఒక్కసారిగా ఆమెకి జవాబు దొరికినట్టనిపించింది.

"ఈ డైనమో వల్లేనయ్యా పోయింది అనీసా" అంది ఆ సాయంత్రం మొగుడితో, నిలబడి అన్నం తింటూ. "నేను ఆలస్యం చేస్తన్నా. టయానికి పోతే ఎందుకు పోద్ది? రేపే చీరాల పోయి ఆ ఛార్జింగు సంగతంతా మార్పించేస్తా."

"ఇల్లలకగానే పండగవుద్దా?" అన్నాడు రామమూర్తి. "మనిషి ఎందుకు పోయిందో మనిషినడుగు. డైనమోనేం అడుగుతావ్?"

కోటేశ్వరమ్మ అప్పటికే చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

లక్ష్మీకాంత్ షాపు చీరాలలో వేటపాలెం పోయే రోడ్డు మీద ఉంది. పాత బళ్ళ కరెంటు పనులకి ఆ చుట్టుపక్కల అతని పేరే చెబుతారు. అతను కుడివైపు మూత తీసి చూసి పెదవి విరిచాడు. డైనమోలో బ్రష్షులు గోటిముక్కంత మిగిలాయి. రాగితీగలు మాడి నల్లబడ్డాయి.

"మళ్ళీ చుట్టించినా నాలుగు రోజుల ముచ్చటేనండీ. మొత్తం తీసేసి పన్నెండు ఓల్టులది వేసేద్దాం. అయస్కాంతం చక్రం, కొత్త కాయిల్సు, రెగ్యులేటరు, బ్యాటరీ. సాయంత్రం దాకా పడతది. కూర్చోండి."

కూర్చోవడమా? స్టూలు మీద కూర్చుంది, లేచింది. డైనమోలోని పాత చక్రం ఇరుసుకి పట్టేసుకుని రాకపోతే, లక్ష్మీకాంత్ దానికి బోల్టు బిగించి మెల్లగా లాగుతున్నాడు. "కొట్టయ్యా ఒక్క దెబ్బ" అంది. కొడితే ఇరుసు వంకరపోతుందన్నాడు. రోడ్డు చివరిదాకా నడిచివెళ్ళి తిరిగొచ్చింది. అది ఇంకా రాలేదు. మళ్ళీ వెళ్ళింది. జీడిపప్పు కార్ఖానాల వైపు నుంచి కమ్మగా కాలిన వాసన వస్తోంది గానీ, ఆమె ముక్కుకి అది మిరపచేను మీద మబ్బువాసనలాగే తగిలింది. రైతు రఘురామ్ చేలో కాయ ఎర్రబడి వేలాడుతోంది, రేపు కొయ్యాలి, ఆకాశం చూస్తే నమ్మకంగా లేదు. మూడోసారి తిరిగొచ్చి, మూలనున్న చీపురు తీసుకుని షాపంతా ఊడ్చేసింది. ఊడ్చిన చెత్తలో లక్ష్మీకాంత్ విప్పి పెట్టుకున్న చిన్న స్క్రూ కూడా పోయింది. అది వెతకడానికి ఇద్దరూ కాసేపు నేల మీద పాకారు.

"మీరు ఊరికే కూర్చుంటే పని తొందరగా అవుద్దండీ" అన్నాడతను చేతులు జోడించి.

మధ్యాహ్నం దాటాక కొత్త కాయిల్సు ఎక్కాయి. సీటు కింద పాత ఇనప డబ్బా ఊడి, ఆ చోట అరచేతిలో పట్టే రెగ్యులేటరు కూర్చుంది. బల్బులన్నీ మార్చాడు. హారన్ దగ్గర ఆగాడు.

"ఇది ఆరు ఓల్టులదండీ, పన్నెండు ఇస్తే మాడిపోద్ది. కొత్తది పెడుతున్నా. ఊరంతా వినపడుద్ది."

"పెట్టు, పెట్టు. తొందరగా పెట్టు."

ఒక్క కిక్కుకి బండి లేచింది. లైటు వేస్తే ఎదురుగోడ మీద తెల్లటి వెలుగు పడింది. కోటేశ్వరమ్మ మొహం కూడా వెలిగింది. లక్ష్మీకాంత్ తాళం తిప్పబోతుంటే అలవాటుగా "ఆపమాకు" అని అతని చెయ్యి పట్టుకుంది.

అతను నవ్వి ఆపేశాడు. "ఇప్పుడు ఎన్నిసార్లయినా ఆపుకోవచ్చు. బ్యాటరీ పీకి అవతల పారేసినా కిక్కుకే లేస్తది. మీరే చూడండి."

చూసింది. ఆపింది, లేపింది, మళ్ళీ ఆపింది, మళ్ళీ లేపింది. పక్క కొట్టువాళ్ళు వచ్చి చూసేదాకా అదే పని. ఇక అనీసా ఎలా రాదో చూస్తానని లోలోపల అనుకుంది. పర్చూరు సెంటర్లో టీ మాత్రం ఇంజను ఆపకుండానే తాగింది. ఆ సంగతి ఆమెకి తట్టనే లేదు.

మర్నాడు తెల్లవారుజామున మొదటి వీధి మొగలో నిలబడి హారన్ కొట్టింది. అది నిజంగానే ఊరంతా వినపడింది. కుక్కలు లేచాయి, కోళ్ళు లేచాయి. ఆడవాళ్ళు రాలేదు. మళ్ళీ కొట్టింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. రెండో వీధికి వెళ్ళింది, అక్కడా అంతే. సెంటర్లో ట్రాలీ ఆటో ఖాళీగా ఎదురుచూస్తోంది. తూర్పున మబ్బు పట్టి ఉంది. కోటేశ్వరమ్మ ఒకటే అనుకుంది. అయిపోయింది, మిగిలినవాళ్ళు కూడా రాత్రికి రాత్రే శ్రీకృష్ణ దగ్గర చేరిపోయారు, ఒక్కరన్నా చెప్పలేదు. కాలుగాలిన పిల్లిలా ఆ రెండు వీధులూ మళ్ళీ చుట్టింది, హారన్ మీద నుంచి బొటనవేలు తియ్యకుండా.

మాధురి కళ్ళాపి బకెట్టుతో వాకిట్లోకి వచ్చి, ఆమెను చూసి బకెట్టు దించింది. మాధురి ఆమె ముఠాలో మనిషే.

"నువ్వా పిన్నీ? పాలవ్యానేమో, ఏందివాళ ఇట్టా మోగిస్తన్నాడు అనుకుంటన్నాం. నీ బాతు ఏమైంది? కోత లేదేమోనని మళ్ళీ పడుకున్నారందరూ."

కోటేశ్వరమ్మకి ఊపిరి తిరిగొచ్చింది. ఒక పక్క నవ్వొచ్చింది, ఒక పక్క ఏడుపొచ్చింది. కొత్త గొంతు ఎవరికీ తెలియదు మరి. హారన్ కొట్టి లాభం లేదు, తలుపు తలుపూ తట్టాల్సిందే. మాధురి ఈ రెండు వీధులూ పిలుస్తానంది. కోటేశ్వరమ్మ పీర్లచావిడి వీధికి బయల్దేరింది. తన ముఠావాళ్ళు ఇద్దరు ఆ వీధిలో ఉన్నారు. అనీసా ఇల్లు కూడా ఆ వీధిలోనే.

అనీసా గడప మీద కూర్చుని తలకి గుడ్డ చుట్టుకుంటోంది. పక్కన క్యారేజీ. శ్రీకృష్ణ ఆటో కోసం చూస్తోంది. కోటేశ్వరమ్మ దాటి వెళ్ళిపోదామనుకుంది. వెళ్ళలేకపోయింది. బండి ఆపి, తాళం తిప్పింది.

ఒక్కసారి వీధంతా నిశ్శబ్దమైంది. ఎవరో వాకిలి ఊడుస్తున్న చప్పుడు, ఎక్కడో పంపు కొడుతున్న చప్పుడు వినిపించాయి. ఇన్నేళ్ళుగా రోజూ వచ్చే వీధిలో ఈ చప్పుళ్ళున్నట్టు ఆమెకి తెలియదు.

"బండి ఆపావేందక్కా?" అంది అనీసా. "మళ్ళీ లేస్తదా?"

"డైనమో తీయించేసి కొత్తది ఏయించా. ఎన్నిసార్లు ఆపినా ఒక్క కిక్కుకే లేస్తది. ఇంక ఒక్కరోజు కూడా ఆలస్యం అవదు. నువ్వు రేపట్నుంచి వచ్చెయ్."

"ఆలస్యం అయిందని పోయానా నేను?"

"మరెందుకు పోయావే? ఆడి ఆటోలో పరుపులేశాడా? నేనేమన్నా మాట అన్నానా నిన్ను? చెప్పకుండా పోతావా ఇన్నేళ్ళ తర్వాత?"

అనీసా తలగుడ్డ ముడి వేసుకుంది. ఎప్పుడూ ఎదుటివాళ్ళ మాట పూర్తవకుండా అందుకునే కోటేశ్వరమ్మ ఈసారి ఊరుకుంది. ఊరుకోవడం చాలా కష్టమైంది.

"మా అమ్మ పోయిననాడు వచ్చావు నువ్వు" అంది అనీసా చివరికి.

వచ్చింది. ఎందుకు రాదు? అనీసా తల్లి ఖుర్షిదా ఆమెకి గురువులాంటిది. కొత్తగా కోతలకి వచ్చిన రోజుల్లో తొడిమ ఊడకుండా, కొమ్మ విరగకుండా కాయ తుంచడం నేర్పింది ఆ ముసలామే. మంటపుట్టిన చేతులకి మజ్జిగ రాసింది ఆమే. మొన్న పత్తి తీసే రోజుల్లో పోయింది. మట్టిచేసి మగవాళ్ళు తిరిగొచ్చే వేళకి కోటేశ్వరమ్మ ఈ వాకిలి ముందుకి వచ్చింది. వెనక ఆటోలో వేరే ఊరి ఆడవాళ్ళున్నారు, పత్తి పగిలి తెల్లగా ఉంది, వాన పడేలా ఉంది. ధైర్యంగా ఉండమని చెప్పింది, మళ్ళీ వస్తానని చెప్పింది. వాన, పత్తి, ఆ తర్వాత మిరప. మళ్ళీ రాలేదు.

"బండి దిగలేదు నువ్వు" అంది అనీసా. గొంతు పెంచలేదు. "వాకిట్లో చాప మీద కూర్చుని ఏడుస్తన్నా. నువ్వు వీధిలోంచి ఏందో అంటన్నావు. ఆ మోతలో వినపడలా. లేచి నేనే నీ దగ్గరికొచ్చా. తల్లి పోయినదాన్ని నేను లేచొచ్చి, ఆ పొగలో నిలబడి విన్నా నువ్వు చెప్పే ధైర్యం."

కోటేశ్వరమ్మకి ఆ దృశ్యం ఇప్పుడు కనపడింది. అప్పుడు కనపడలేదు. అప్పుడామె కళ్ళు మబ్బు మీద ఉన్నాయి.

"ఆపితే లేవదే అది" అంది. తన గొంతు తనకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది. "నీకు తెలీదా? ఆపితే లేవదనే గదా."

"తెలుసక్కా. నాకెందుకు తెలీదు? ఆ వాకిట్లో ఎంతమందిమి ఉన్నాం. అందరం నీ ముఠావాళ్ళమే. నువ్వు ఆపి, లోపలికొచ్చి కూర్చునుంటే, పోయేటప్పుడు మేం తొయ్యమా?"

వీధి మొగలో శ్రీకృష్ణ ఆటో హారన్ వినిపించింది. అనీసా క్యారేజీ అందుకుని లేచింది. ఈ ఏటికి అతనికి మాటిచ్చానని, మాట తప్పనని, కోపంతో చెప్పడం లేదని చెప్పింది. ఆటో వచ్చి ఆగింది. లోపలున్న ఆడవాళ్ళు కోటేశ్వరమ్మను చూసి తలలు దించుకున్నారు. అనీసా ఎక్కి కూర్చుంది. ఆటో కదులుతుండగా తల బయటికి పెట్టింది.

"చాప లోపల గోడకి ఆనించి ఉంది. తలుపు తీసే ఉంది."

ఆటో వెళ్ళిపోయింది. కోటేశ్వరమ్మ వీధిలో నిలబడిపోయింది. సిగ్గేసింది. ఆ డైనమోని ఎప్పుడో మార్పించి ఉంటే ఇదంతా జరిగేది కాదని ఒక్క క్షణం అనిపించింది. అది అబద్ధమని ఆమెకే తెలిసిపోయింది. చొక్కా జేబులో ఫోను మోగింది. రఘురామే అయ్యుంటాడు. మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. ఆమె చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది.

కాసేపటికి మాధురి, ఇంకో నలుగురు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. వీధిలో బండి చప్పుడు లేకుండా నిలబడి ఉంటే ముందు కంగారుపడ్డారు. తలుపులోంచి చూస్తే కోటేశ్వరమ్మ ఖుర్షిదా ఇంట్లో చాప మీద కూర్చుని ఉంది. తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడుస్తోంది. పత్తి రోజుల్లో ఏడవాల్సిన ఏడుపు అది.

"పిన్నీ, చేనుకి ఆలస్యమవుద్దేమో" అంది మాధురి గడప దగ్గర నిలబడి.

"అవనీ" అంది కోటేశ్వరమ్మ. "కూర్చోండి కాసేపు."

వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, క్యారేజీలు గోడ పక్కన పెట్టి, ఆమె చుట్టూ కూర్చున్నారు. ఆ రోజు రఘురామ్ చేలో కోత ఎండెక్కాక మొదలైంది.